నాలుగు మైళ్ళు

“ఎత్తు పెరగాలి. కానీ చూడ్డానికి ఇవే టైర్లు అనిపించాలి,” అంది లోరీన్.

మైటే వంగి టైరు గాడిలో వేలు పెట్టి చూసింది. సగం కూడా అరగలేదు.

“వీటికేం రోగం? ఇంకో రెండేళ్ళు నడుస్తాయి.”

“మా ఆయన మార్చమన్నారు.”

మైటే తలెత్తి ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. ఆ పికప్‌ని మూడంగుళాలు పైకి లేపిందీ, ఈ టైర్లు వేసిందీ తనే. పోయినేడు ఈమె మొగుడు రాయిస్ ఒక్కడే తెచ్చాడు బండిని. కొండదారిన గనిలో పనికి వెళ్ళివచ్చే భార్య మంచులో చిక్కుకోకూడదని గంటసేపు నిలబడి ఎంచుకున్నాడు. మధ్యాహ్నం ఆమెకు ఫోన్ చేయనిదే అతనికి ముద్ద దిగదని అగ్నిమాపక దళంలో తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు. నెవాడాలోని ఈ చిన్న ఊళ్ళో మైటే ముప్పై ఏళ్ళుగా టైర్లు అమ్ముతోంది. పెళ్ళాం కోసం అంత తాపత్రయపడే మగాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

రాయిస్ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“బురదలో తిప్పుతావా బండిని? రాళ్ళమీదా?”

“లేదండీ. తారు రోడ్డే. గనికి వెళ్ళిరావడానికి రోజుకి ఎనభై మైళ్ళు.”

“తారు రోడ్డుకి ఎత్తు టైర్లెందుకమ్మాయ్? పెట్రోలు తాగడం తప్ప లాభం లేదు.”

లోరీన్ రోడ్డు వైపు ఒకసారి చూసి, బండిని షెడ్డు లోపలికి ఇంకొంచెం జరపవచ్చా అని అడిగింది.

మైటే బండిని లోపల పెట్టించి, గోడవారనున్న వరసలోంచి ఒక టైరుని దొర్లించుకొచ్చింది.

“ఇదీ అదే కంపెనీ, అవే గాళ్ళు. వెడల్పు కాస్త తక్కువ, ఎత్తు అంగుళన్నర ఎక్కువ. నీ బండి లేపి ఉంది కాబట్టి ఎక్కడా రాసుకోదు. పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలీదు.”

“మరి మీటరో?”

“మీటరా?”

“మైళ్ళు తక్కువ చూపిస్తుందటగా.”

“చూపిస్తుంది. చక్రం పెద్దదైతే తక్కువసార్లు తిరుగుతుంది కదా. ఎనభై నడిస్తే డెబ్బై ఆరు అంటుంది. ఏం భయం లేదు, కంప్యూటర్ తగిలించి సరిచేసి ఇస్తాను. దానికి డబ్బులేం తీసుకోను.”

“వద్దు!”

షెడ్డంతా వినబడింది. లోరీన్ గొంతు తగ్గించుకుంది.

“వద్దండీ. అలాగే ఉండనివ్వండి.”

“బండి అమ్ముతున్నావా? తక్కువ తిరిగిందని చెప్పి ఎవరికన్నా అంటగడతావా?”

“అయ్యో, అలాంటిదేం లేదు.”

“అయితే మీటరు మీద నీకెందుకంత పగ?”

లోరీన్ ఆ కొత్త టైరు మీద చెయ్యి వేసి, “నాలుగు మైళ్ళు,” అంది తనలో తనే. “చాలు.”

మైటేకి అప్పుడర్థమైంది. రోజుకి నాలుగు మైళ్ళు. మొగుడికి తెలియని నాలుగు మైళ్ళు. రెండు పోవడానికి, రెండు రావడానికి. ఎవడో ఉన్నాడు.

“స్టాకు చూసొస్తాను, కూర్చో,” అని వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి రాయిస్‌కి ఫోన్ చేసింది. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

అతను అంతా విన్నాడు. చివరికి, “నాలుగా?” అన్నాడు మెల్లగా. “మీ మేలు మర్చిపోను మైటే. పది నిమిషాల్లో వస్తాను. అప్పటిదాకా మాటల్లో పెట్టండి. నాకు చెప్పినట్టు మాత్రం తనకి తెలియనివ్వొద్దు.”

ఇంకొకడైతే ఫోన్లోనే అరిచి గోల చేసేవాడు. ఎంత నిబ్బరం, పాపం, అనుకుంది మైటే.

తిరిగొచ్చి రెండు కప్పుల్లో కాఫీ పోసింది. ఒకటి లోరీన్ చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది.

“చూడమ్మాయ్, నా తల ఊరికే నెరవలేదు. నిజం చెప్పు. ఆ నాలుగు మైళ్ళలో ఎవడున్నాడు?”

లోరీన్ మొహం ఎర్రబడింది. “ఎవడూ లేడండీ.”

“నా దగ్గరా నాటకాలు?”

“మీరు ఆడమనిషని తెలిసే ఈ షాపుకొచ్చాను. మీతో అబద్ధమెందుకు చెబుతాను? మా చెల్లెలుంది. గనికెళ్ళే దారిలోంచి రెండు మైళ్ళు లోపలికి. బిడ్డ పుట్టి పదకొండు రోజులైంది. నేనింకా ఎత్తుకోలేదు.”

మైటేకి నవ్వొచ్చింది.

“సొంత చెల్లెల్ని చూడ్డానికి బండి టైర్లు మార్చేవాళ్ళని నిన్నే చూస్తున్నా! కథ చెప్పినా కాస్త అతికేలా చెప్పాలి.”

బయట కంకర నలిగిన చప్పుడైంది. రాయిస్ బండి షెడ్డు గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగింది. అతను దిగి, తలుపు నెమ్మదిగా మూసి, మైటేని చూసి చిరునవ్వుతో చెయ్యి ఊపాడు.

లోరీన్ చేతిలో కప్పు ఒరిగింది. కాఫీ ఒళ్ళో పడినా కదల్లేదు.

“ఆయనకెవరు చెప్పారు?”

“నేనే,” అంది మైటే, గడ్డం పైకెత్తి. “అంత మంచి మొగుణ్ణి కళ్ళెదుట మోసం చేస్తుంటే చూస్తూ కూర్చోవాలా?”

లోరీన్ ఆమె మీద కోప్పడలేదు. కప్పు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, దగ్గరవుతున్న అడుగుల చప్పుడు వింటూ అంది:

“మీటరు ఎనభై దాటిన రోజు ఆయన కొడతాడండీ.”