ఏడో నంబరు సీసా

"ఒక్కరికే చోటుంది," అన్నారు గణపతిరావుగారు. "ఎవరి లెక్కలు నమ్మకంగా ఉంటే వాళ్ళు ఆవలి ఒడ్డు దాకా వస్తారు. రెండోవాళ్ళు రేపు కళింగపట్నంలో దిగిపోవాలి."

అరవై ఎనిమిది అక్టోబరు. బంగాళాఖాతంలో చోటుచోటుకీ ఆగి, లోతులోంచి నీళ్ళు తోడి, వాటిలో ఉప్పెంతో తేల్చే ఓడ అది. గణపతిరావుగారు దానికి పెద్ద. ఆయన కింద సహాయకులు ఇద్దరు, బొబ్బిలి జగన్నాధం, చీపురుపల్లి నరసింగరావు.

జగన్నాధం నాలుగు సీసాలు పరీక్షించేసరికి నరసింగరావు పది ముగించేవాడు. పైగా చెమటైనా పట్టేది కాదు.

"ఏటి బావా, మొకం అలాగున్నాది? కడుపులో తిప్పుతన్నాదా?" అన్నాడు నరసింగరావు ఆ పొద్దున.

"ఏటీ లేదు. నీ పని నువ్వు సూసుకో."

"నా పని అయిపోనాది. నీకు సాయం సెయ్యనా?"

ఆ సాయమే జగన్నాధాన్ని కాల్చింది. చోటు తనకి దక్కకపోతే ఓర్చుకోగలడు. వీడికి దక్కితే ఓర్చుకోలేడు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గలేదు.

అందరూ భోజనాలకి దిగాక సీసాల పెట్టె తెరిచాడు. సాయంత్రం పరీక్షకి నరసింగరావు వంతులో ఉన్న ఏడో నంబరు, రెండు వేల మీటర్ల లోతు నీరు. దాన్ని సముద్రంలో పారబోసి, కూజాలోని మంచినీళ్ళు నింపి, మూత బిగించి, పెట్టెకి తాళం వేశాడు. రెండు వేల మీటర్ల అడుగున ఉప్పే లేదని వీడు చెప్తాడు. ఓడంతా నవ్వుతుంది.

సాయంత్రం నరసింగరావు సీసాలు అడిగి తీసుకెళ్ళాడు. అరగంటలో పుస్తకం పట్టుకొచ్చాడు.

"ఏడోది ఎంత?" అన్నారు గణపతిరావుగారు.

"వెయ్యింటికి ముప్పై నాలుగు పాయింటు ఏడు నాలుగండీ."

"భేష్. ఆ లోతున ఉండాల్సినంతే ఉంది."

జగన్నాధానికి అప్పుడర్థమైంది. వీడు ఆ సీసా మూతే తియ్యలేదు. కుర్చీలో కూచుని అంకెలు రాసేస్తున్నాడు.

"జగన్నాధం, ఏడోది నువ్వూ ఒకసారి పరీక్షించి సంతకం పెట్టు."

అతని చేతులకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఉప్పునీరైతే మందు ఎంతో పోస్తే గాని ఎర్రబడదు. ఇది మొదటి చుక్కకే ఎర్రబడింది. పక్కనే నిలబడి చూస్తున్న నరసింగరావు మొహం పాలిపోయింది.

"బావా," అన్నాడు నెమ్మదిగా, "నాను దీన్ని సూడనేదు."

జగన్నాధం నవ్వాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అప్పుడు తట్టింది. మంచినీళ్ళు ఎవరు పోశారని అడుగుతారు. పెట్టె తాళంచెవి పొద్దుట్నుంచీ తన ఒక్కడి జేబులోనే ఉంది.

"ఎంతొచ్చింది?" అన్నారు గణపతిరావుగారు.

"ముప్పై నాలుగు పాయింటు ఏడు నాలుగండీ," అన్నాడు జగన్నాధం.