ఐదింటికి సూర్యోదయం

"సాయంత్రం ఐదులోగా సూర్యుడు రాకపోతే మీ వెబ్‌సైటు మూసేస్తారు సార్!"

సాయంత్రం ఐదుకి సూర్యుడు పోవడమే గానీ రావడం గిరిప్రసాద్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బంగారుపాళ్యం మామిడి పరిశోధన కేంద్రంలో పదకొండేళ్ళుగా గుమాస్తా ఆయన. కేంద్రానికి వెబ్‌సైటు కట్టింది, సున్నం కొట్టింది, రోజూ కల్లాపి చల్లేది అన్నీ ఆయనే. తెల్లారి ఆరుకల్లా తోతాపురి ధర సైటు ఎక్కకపోతే చుట్టుపక్కల రైతులు ఆయన నెత్తి ఎక్కుతారు. అట్లాంటి సైటు మీద ఇప్పుడు వేటు!

వేటు మోసుకొచ్చిన పిల్ల పేరు లోహిత. తిరుపతి హెడ్డాఫీసులో డిజైనరు. సంస్థకున్న పద్నాలుగు కేంద్రాల సైట్లూ ఒకే తల్లి బిడ్డల్లా కనబడాలని తొంభై పేజీల నియమావళి తయారుచేసి, పేజీకొక పేచీతో పొద్దున బస్సు దిగింది.

"దీన్ని బ్రాండింగ్ అంటారు సార్."

గిరిప్రసాద్‌కి తెలిసిన బ్రాండులు వేరే. అవి దొరికే కొట్టు హైవే పక్కనే ఉంది. అయినా మారుమాట్లాడకుండా, ఆ పిల్ల ఏదడిగితే అది ఇచ్చుకుంటూ వచ్చాడు. గిరగిర తిరిగే 'కొత్తది' నక్షత్రాన్ని పీకేశాడు. మామిడిపండు రంగు చెరిపేసి హెడ్డాఫీసు నీలం పూశాడు. "ఫాంటు మార్చండి సార్" అంటే, "ప్యాంటు ఒకటి వదిలిపెట్టు తల్లీ" అంటూ అదీ మార్చాడు. లోగో దగ్గరికొచ్చేసరికి మాత్రం గంగిరెద్దు కాస్తా మొరాయించింది.

"మా లోగోలో సూర్యుడు లేడమ్మా. ఒక మామిడికాయ, రెండాకులు. అంతే."

"పదకొండో పేజీ చూడండి సార్." లోహిత పుస్తకం ఆయన ముందుకి తోసింది. "కాయ నడిమధ్యన ఎర్రటి ఉదయభానుడు. చుట్టూ పసుప్పచ్చ తేజోవలయం. కిందికి ఒకే ఒక్క పొడుగు కిరణం. అది రైతు గుండెని చేరే కిరణం సార్. కొలతలతో సహా ఉండాది."

గిరిప్రసాద్ కళ్ళజోడు సర్దుకుని బొమ్మని పైనించి ఒకసారి, పక్కనించి ఒకసారి చూశాడు.

"అమ్మా, కాయ మీద ఎర్ర మచ్చ, సుట్టూ పచ్చ వలయం. దీన్ని మా రైతులు సూర్యుడనరు, మచ్చ తెగులంటారు! ఇది పెట్టినానంటే రేపు పొద్దున్నే 'సారూ, ఏం మందు కొట్టాల?' అని మూడొందల ఫోన్లు వస్తాయి. మచ్చపడిన కాయని పల్పు ఫ్యాక్టరీవోడు గేటు గూడా దాటనీడు. మీరేమో దాన్ని తీసకపొయ్యి సైటు నెత్తిన పెట్టమంటారే!"

"పదమూడు కేంద్రాలు పెట్టేసినాయి సార్. హెడ్డాఫీసు గోడ మీదయితే ఆరడుగుల సూర్యుణ్ణి గీయించినారు. మీరొక్కరే మిగిలినారు."

"మందలో పదమూడు మేకలు బాయిలో దూకితే పద్నాలుగోది గూడా దూకాల్నా?"

లోహితకి రోషం వచ్చింది. "ఇది నా తలకాయలోంచి పుట్టింది కాదు సార్! లోగో అసలు బొమ్మ ఆఫీసులో యాడా దొరకలే. సంస్థలోకెల్లా పాత బోర్డు ఏదని వెతికితే మీ గేటు బోర్డే తేలింది. రెండేండ్ల కింద నేనే వచ్చి ఫోటో తీసుకోని పోయినా. దాన్ని సూసే గీసినాం. కమిటీ మూడు మీటింగులు పెట్టి ఆ కిరణానికి అర్థం కనిపెట్టింది!"

"మా బోర్డు మీద సూర్యుడా?"

"పదకొండేండ్లలో ఒక్కసారన్నా తలెత్తి సూసినారా?"

బోర్డు ఉండేది హైవే వైపు గేటు కమాను మీద. గిరిప్రసాద్ బండికి నీడ దొరికేది వెనక గేటు దగ్గర. నీడ ఉన్నవైపే ఆయన నడక.

"పదమ్మా, సూద్దాం. సూర్యుడు లేకుంటే మీ పుస్తకం మూసేయాల."

"ఉంటే మీరు మారుమాట లేకుండా పెట్టేయాల."

ఇద్దరూ ఎండలో పడి గేటు దాకా నడిచారు. హైవే మీద కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గిరిప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టుకుని తలెత్తాడు.

ఉన్నాడు! రేకు బోర్డు మీద, కాయ నడిమధ్యన, ఎర్రగా, గుండ్రంగా ఉన్నాడు. చుట్టూ పచ్చటి వలయం. కిందికి పొడుగు కిరణం.

లోహిత మొహంలో సూర్యోదయం. గిరిప్రసాద్ మొహంలో సూర్యాస్తమయం.

"లోగుట్టు పెరుమాళ్ళకెరుక అంటారు గానీ, లోగో గుట్టు నీకే ఎరికమ్మా. ఓడిపోయినా. పద, పెట్టేస్తా," అన్నాడు, రేపటి మూడొందల ఫోన్లూ ఇప్పుడే చెవిలో మోగుతున్నట్టు మొహం పెట్టి. టైము చూసుకున్నాడు. ఐదుకి ఇంకా పావుగంట.

"బాధపడొద్దండి సార్. అలవాటైపోతాది," అని లోహిత ఓదార్చబోతుంటే వెనకనించి గొంతు వినబడింది.

"రవ్వంత జరగండి సార్."

ఆఫీసు ఊడ్చే సిద్ధమ్మ. భుజాన కాయలు కోసే నిచ్చెన, చేతిలో తడిగుడ్డ. నిచ్చెన కమానుకి ఆనించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, చకచకా ఎక్కి, ఒక్క తుడుపుతో సూర్యుణ్ణి మాయం చేసింది.

"అయ్యో! అమ్మా! లోగో!" లోహిత కేకకి ట్రాక్టర్ల వాళ్ళందరూ ఇటు తిరిగారు.

సిద్ధమ్మ నిచ్చెన మీదే కొంగుముడి విప్పి, కుంకం బరిణ బయటికి తీసింది.

"యాడికీ పోలేదులే పాపా, శుక్రవారం కదా, పసుపద్ది కొత్త బొట్టు పెడతా ఉండా... నా చేతి బొట్టు ఎప్పుడూ ఇంతే, కిందికి రవ్వంత కారతాది!"