పాస్‌పోర్టు ఎవరి దగ్గర?

“మలేషియా యాలమ్మా? హార్సిలీ కొండకు పోతే సాలదా?” నూనెలో నిప్పట్లు వేస్తూ కూతురు ప్రమీలను అడిగింది చిన్నక్క.

“చవక టికెట్లు దొరికినాయి ఆంటీ. శుక్రవారం పోయి ఆదివారం వచ్చేస్తాం. మా నలుగురు స్నేహితురాళ్లకీ ఒకటే రూము, తిండికి మీ నిప్పట్లు!” నవ్వింది కీర్తన. కుప్పం కాలేజీలో ప్రమీలతో కలిసి చదివిన పిల్ల.

ప్రమీలకు మాత్రం అమ్మ ఏమంటుందోనని గుబులుగా ఉంది. అమ్మ కువైట్‌లో ఎనిమిదేళ్లు ఇంటిపని చేసి పుంగనూరు తిరిగొచ్చింది. ఆ ఊసెత్తితే చాలు, మాట మార్చేస్తుంది.

“పాస్‌పోర్టు యాడుండాది?”

ప్రమీల బ్యాగులోంచి తీసి చూపించింది.

“ఆడ దిగినాక దీన్ని ఎవరు పెట్టుకుంటారు?”

“ఎవరూ పెట్టుకోరమ్మా. నా దగ్గిరే ఉంటాది.”

“తిరిగి రావల్లంటే ఎవర్నీ అడిగే పన్లేదా?”

“లేదమ్మా.”

చిన్నక్క చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ పుస్తకాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాది ఎనిమిదేళ్లూ నేను పనిజేసిన ఇంటోళ్ల బీరువాలోనే ఉండె. ఇంటికొచ్చే దినమే మళ్లా కంటితో సూసినా.”

చిన్నక్క పాస్‌పోర్టును కూతురి చేతిలో పెట్టి, వేళ్లు గట్టిగా మూసింది.

“మూడు దినాలకు ఏం సూస్తారు? ఇంకో దినం ఉండి రాండి.”

చవక టికెట్టు మార్చడానికి వీల్లేదని కీర్తన చెప్పబోయింది. ప్రమీల ఆమె చెయ్యి నొక్కి ఆపింది.

“అట్నేలేమ్మా.”