చిన్న గ్లాసులు

కొత్త పాస్టరు జలప్రళయం గురించి ప్రసంగిస్తూ ఉండగానే వాన నీళ్లు చర్చి గుమ్మం దాటి లోపలికి వచ్చాయి.

"చూశారా! చెరువులు పూడ్చారు, చెట్లు నరికారు. లోకం పాపం పండింది!" అన్నాడాయన. ముందు వరుసలోంచి నేను అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నాను.

నీళ్లు చీలమండలు దాటాక ఆయనే ప్యాంటు మడిచి వెళ్లి, గుమ్మం పక్క కాలువలో చెయ్యి పెట్టాడు. గుప్పిళ్లకొద్దీ బొటనవేలంత ప్లాస్టిక్ గ్లాసులు బయటపడ్డాయి. ప్రతి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనలో ద్రాక్షరసం తాగి మేము పారేసినవే. నీళ్లు బుడబుడమంటూ దిగిపోయాయి.

"బీరువా నిండా గాజువి ఉండగా ఇవెవరు తెప్పించారు?" అన్నాడు పాస్టరు.

సంఘమంతా పైకప్పు వంక చూసింది. నా నోరంటే వాళ్లకి ప్రళయం కన్నా భయం.

"నేనే నాయనా," అన్నాను. "ప్రతి వారం నూట ఇరవై గ్లాసులు ఎవరు తోముతారని."

ఆయన నవ్వేశాడు. "ఒప్పుకున్నారుగా అమ్మమ్మగారూ, దేవుడు క్షమించేశాడు."

"ఆమెన్" అందామని నోరు తెరిచేలోపే బీరువాలోని దుమ్ముపట్టిన గాజు గ్లాసుల పళ్లెం నా ఒళ్లోకి వచ్చింది.

"మీరు కడగండి, నేను తుడుస్తా," అంటూ ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

లోకపాపం కడగడానికి ప్రభువున్నాడు. గ్లాసులకు మాత్రం నేనేనట.