ఖూటాఘాట్‌లో పెట్రోలు వాసన

“మళ్లీ వస్తంది,” అంది అసిరమ్మ.

తాడు విప్పబోతున్న జగన్నాథం చెయ్యి ఆగింది. ఖూటాఘాట్ జలాశయం మీద పొగమంచు ఇంకా లేవలేదు. అవతలి గట్టు లేదు, కొండలు లేవు. ఆకాశమే కిందకు దిగి పడవను మోస్తున్నట్టుంది.

“పెట్రోలేనా?”

“మరేటి, మల్లెపూలా?”

గట్టు మీద కూర్చున్న సత్యనారాయణ నవ్వాడు. అతనూ జగన్నాథమూ బిలాస్‌పూర్ రైల్వే డీజిల్ షెడ్‌లో కలిసి పనిచేసిన ఫిట్టర్లు; జగన్నాథం ఈమధ్యే రిటైరయ్యాడు. “నాకేటీ రావట్లేదొదినా. నీది ముక్కా, పోలీసు కుక్కా?”

“అది వస్తందంటే ఎతకాల్సిందే,” అన్నాడు జగన్నాథం పానాల పెట్టె తెరుస్తూ.

వేలంలో కొన్న పాత మోటారు పడవ అది. పడవ నడుమ చెక్కపెట్టెలో ఇంజను ఉంటుంది. భార్యను ఒక్కసారి నీళ్ల నడుమకు తీసుకెళ్లాలనే ఆయన దాన్ని బాగుచేశాడు. వచ్చిన ప్రతి ఆదివారమూ ఈ వాసనే అడ్డుపడి, తాడు విప్పకుండానే ఇల్లు చేరారు. రేపు దాన్ని కొనుక్కున్న మస్తూరీ ఊరి ఆసామి వచ్చి తీసుకుపోతాడు. నెలాఖరుకు వీళ్లు క్వార్టరు ఖాళీ చేసి పలాస వెళ్లిపోతారు. ఇక ఈరోజే మిగిలింది.

అసిరమ్మది కళింగపట్నం. సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగిరాని ఆమె తండ్రి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

జగన్నాథం ఇంజను పెట్టె మూత తీశాడు. పాత పంచె ముక్కతో గొట్టం అతుకులన్నీ తుడిచాడు. గుడ్డ పొడిగానే ఉంది.

“ఇలా రా అసిరీ. ఇక్కడ చూడు.”

ఆమె పడవ అంచు పట్టుకుని మెల్లగా వచ్చి వంగింది. “ఉంది.”

“ట్యాంకు దగ్గర?”

వెనక్కి నడిచింది. “ఇక్కడా ఉంది.”

“పెట్రోలు ఆవిరి బరువు, అడుక్కి దిగిపోద్ది. ముందు వైపు చూడు.” అడుగుపలక ఎత్తి పట్టుకున్నాడు.

ముందుకు వెళ్లింది. పడవ ఊగింది. ఈసారి ఆమె అంచు పట్టుకోలేదు. “కొంచెం తగ్గింది.”

“అచ్ఛా,” అని ఆయన ఒక బిగింపు తిప్పాడు. మళ్లీ వెనక్కి పిలిచాడు, మళ్లీ ముందుకు పంపాడు. మంచు పలచబడి, నీళ్లలో ఎండ పాలలా కలుస్తోంది.

“మధ్యాహ్నం డ్యూటీకన్నా వదుల్తావా నన్ను?” అన్నాడు సత్యనారాయణ.

“నువ్వెళ్రా. మాకు తొందర నేదు.”

అసిరమ్మ చాలాసేపు నీళ్లవైపే చూస్తూ నిలబడింది. తర్వాత పీట మీద కూర్చుని కొంగు సర్దుకుంది.

“పోయిందండీ,” అంది.

“బాగా చూశావా?”

“పోయిందన్నాను కదా. తాడిప్పండి.”

గట్టు దూరమైంది. సత్యనారాయణ చుక్కయ్యాడు. నడిమధ్యలో జగన్నాథం ఇంజను ఆపాడు. చుట్టూ తెల్లటి నిశ్శబ్దం. అసిరమ్మ వేళ్లు నీళ్లలో ముంచి, అలాగే ఉంచింది.

“నిజంగానే వాసనొచ్చిందండీ,” అంది కాసేపటికి.

“తెలుసే. గట్టిగానే వచ్చింది.”

అసిరమ్మకు వాసనలు తెలియవని పెళ్లయిన వారానికే ఆయన కనిపెట్టాడు.