జడ రిబ్బన్ కల్వర్టు

తన ఇడ్లీ కొట్టు ముందు మురిక్కాలవ మీద కల్వర్టు వెయ్యమని నూకరత్నం ఏళ్లతరబడి అడిగింది. ఎవరూ రాలేదు. చివరికి వీధివాళ్లు తలా ఓ బస్తా సిమెంటు తెస్తే, తాపీమేస్త్రి సన్నిబాబు ఆదివారం కట్టేశాడు. సోమవారం తెల్లారేసరికి ప్రభుత్వ రోబోలు మూడు దిగాయి. ఒకటి కొలవడానికి, ఒకటి కూల్చడానికి, ఇంకొకటి ఆ రెండింటినీ ఫొటో తీయడానికి.

“అనుమతి లేని నిర్మాణం. తొలగించబడును,” అంది కొలిచే రోబో.

“ఇన్నేళ్లూ ఒక్కటీ రానేదు, కూల్చడానికి మూడొచ్చాయేటి!” నూకరత్నం గరిటె విసిరికొట్టింది.

అంతలో ఆమెకి మొన్న బస్టాండు దగ్గర చూసింది గుర్తొచ్చింది. సగం కట్టిన మరుగుదొడ్డికి ఎవరో నాయకుడు రిబ్బన్ కత్తిరించగానే ఈ రోబోలే వంగి దణ్ణం పెట్టాయి.

“సన్నిబాబూ, నీ కూతురి జడ రిబ్బన్ ఇలాగియ్యి! బేగి!”

కల్వర్టుకి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టారు. చట్నీకి తెచ్చిన కొబ్బరికాయ కొట్టి, నూకరత్నం రిబ్బన్ కత్తిరించింది. వీధంతా చప్పట్లు మోగాయి.

కూల్చే రోబో ఎత్తిన చెయ్యి దించి దణ్ణం పెట్టింది. కొలిచే రోబో గొంతు మార్చింది.

“ప్రారంభోత్సవం పూర్తయింది. ప్రభుత్వ వ్యయం నాలుగు కోట్లు. ప్రజలకు శుభాకాంక్షలు.”

“నాలుగు కోట్లా! పట్టుమని పది బస్తాలు కూడా అవనేదు కదేటి!” సన్నిబాబు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

నూకరత్నానికి నవ్వాగలేదు. పక్క వీధివాళ్లు అప్పటికే సిమెంటు కోసం పరుగెత్తారు. సాయంత్రానికి ఊళ్లో ఏ ఫ్యాన్సీ కొట్టులోనూ ఎర్ర రిబ్బన్ మిగల్లేదు.