తలుపు తీయలేదు, మాట్లాడాను

మదింపు అధికారిణి లోపలికి రాగానే అక్కడ కూర్చున్న ఒక యువకుడు లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు.

ఆమె కూర్చుంది గానీ అతని ముఖం చూడలేదు. ఆమె ఉద్యోగం మనుషుల్ని చూడడం కాదు, కాగితాల్లోని గడుల్ని చూడడం.

చదువు మానేసి, పనీ దొరక్క ఇళ్ళలో ఉండిపోయిన కుర్రకారుకి దారి చూపించే కేంద్రం అది. ఎంతమంది వస్తున్నారు, ఎంతమంది నిలుస్తున్నారు, ఎంతమందికి పని దొరికింది అని లెక్క తేల్చడానికి ఆమె రెండు రోజుల పని మీద వచ్చింది.

మొదటిరోజు ఆమెకు ఇళ్ళకు వెళ్ళొచ్చిన వివరాలు రాసే పుస్తకం ఒకటి తెగ నచ్చింది.

గది తలుపులు వేసుకుని బయటికి రాని పిల్లలు కొందరుంటారు. కేంద్రం తరఫున ఒక మనిషి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఆ తలుపుల బయట కూర్చుని మాట్లాడి రావాలి. రోజుకు నాలుగిళ్ళు. నాలుగేళ్ళుగా ఒక్కరోజు నాగా లేదు.

"పన్నెండో నంబరు ఇల్లు. తలుపు తీయలేదు, మాట్లాడాను."

అదే మాట వరసగా నలభై రోజులు రాసి ఉంది. నలభై ఒకటో రోజున, "లోపల్నుంచి అమ్మాయి తలుపు మీద ఒకసారి తట్టింది." పోయిన వారం, "రెండుసార్లు తట్టింది. కంచం ఖాళీ చేసిందట."

అధికారిణి ఆ పేజీ మళ్ళీ చదివింది. ఈ ఉద్యోగి ఎవరని అడిగింది.

ఒకావిడ అనీ, సెలవులో ఉందనీ నీళ్ళు నమిలాడు కేంద్రం పెద్ద. నీళ్ళు నమలడానికి ఆమె కాగితాల్లో గడి లేదు కాబట్టి రాసుకోలేదు. ఇళ్ళకు వెళ్ళే పనికి మాత్రం నూటికి నూరు మార్కులూ వేసింది.

రెండోరోజు కుర్చీ ఇచ్చిన యువకుడి ఫైలు చేతికొచ్చింది.

నాలుగేళ్ళ కిందటి పేరు. పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్ళాడు, ఒక్కటీ దక్కలేదు. రెండేళ్ళలో ఫలితం లేకపోతే పేరు తీసేయాలన్నది నియమం. అతని చోటు కోసం బయట అయిదుగురు కాచుకుని ఉన్నారు.

అతన్ని ఉండనివ్వమని కేంద్రం పెద్ద బతిమాలాడు. ఎందుకని అడిగితే మాత్రం తల దించుకున్నాడు.

ఆమె దుర్మార్గురాలేమీ కాదు. అతన్ని పిలిపించి, మెత్తగానే చెప్పింది.



"అయితే రేపట్నుంచి నేను రాకూడదాండీ?"

"రావాల్సిన పని లేదు బాబూ."

సరేనని తలూపి వెళ్ళిపోయాడు. వెనకే ఉత్తర్వు కాగితం ఇంటికి పంపించి, ఆమె తన ఊరు వెళ్ళిపోయింది.

చెప్పినవన్నీ అమలయ్యాయో లేదో చూడడానికి పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది.

కేంద్రంలో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె మెచ్చుకున్న పుస్తకం తీస్తే పదిహేను రోజులుగా అన్నీ తెల్ల కాగితాలే. ఒళ్ళు మండి కేంద్రం పెద్ద కోసం చూస్తుంటే గుమ్మంలో ఒక తల్లి నిలబడి ఉంది. పన్నెండో నంబరు ఇంటి నుంచి వచ్చింది.

"రోజూ వచ్చే మీ మనిషి రావడం లేదమ్మా. మా పిల్ల తలుపు తట్టడం మానేసింది. మొన్నట్నుంచి కంచం ముట్టలేదు, పిలిస్తే పలకడం లేదు. ఆ గొంతు వింటే తప్ప లేవదమ్మా."

తలుపు పగలగొట్టించమని ఎవరో అన్నారట. పగలగొడితే ఏం చూడాల్సొస్తుందోనని ఆ తల్లి ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది.

తాళాలు తీసేవాణ్ణీ డాక్టరునీ వెంటబెట్టుకుని ఆ తల్లితో వెళ్ళమని గుమాస్తాను తరిమింది అధికారిణి. ఇళ్ళకు వెళ్ళే ఆవిడ చిరునామా ఎక్కడని కేంద్రం పెద్ద మీద విరుచుకుపడింది. అతను ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఆమె ఈసారి అతని ముఖంలోకి చూసి, కాగితం పట్టుకుని తానే బయల్దేరింది.

రెండు వీధుల అవతల, మెట్ల కింద ఇల్లు. ఒక పెద్దావిడ తలుపు తీసింది.

కేంద్రంలో ఉద్యోగం చేసే ఆవిడ కోసం వచ్చానంది అధికారిణి.

"అలాంటివాళ్ళెవరూ లేరమ్మా. నేనూ మా అబ్బాయే ఉంటాం. వాడికా, ఉద్యోగమే లేదు. పనికోసం తిరుగుతున్నానని పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాడు. ఇప్పుడదీ లేదు."

లోపలి గది తలుపు మూసి ఉంది. దాని ముందు నేలమీద అన్నం కంచం, అంచుల్లో ఎండిపోయిన మెతుకులు.

"మీ ఆఫీసు నుంచి ఈ కాగితం వచ్చిన రోజు వేసుకున్నాడమ్మా తలుపు."

కాగితం కింద ఉన్నది అధికారిణి సంతకమే. గది లోపల్నుంచి చిన్న అలికిడి కూడా లేదు.

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ దగ్గర ఒక మనిషి ఉన్నారటగా. తలుపులు వేసుకున్న పిల్లల దగ్గరికి రోజూ వెళ్ళి, బయట కూర్చుని మాట్లాడి, మెల్లగా బయటికి రప్పిస్తారట. వీధిలో అందరూ చెప్పుకుంటారు. ఆ మనిషిని మావాడి దగ్గరికి ఒక్కసారి పంపించమ్మా."

కాగితాల మీద మాత్రమే ఉన్న ఆవిడకు బదులు, నాలుగేళ్ళుగా ఊళ్ళో మూసిన తలుపులన్నిటి ముందూ కూర్చున్న ఆ మనిషి ఈ తలుపు వెనకే ఉన్నాడని ఆ తల్లికి చెప్పడానికి అధికారిణికి నోరు రాలేదు.